గోపన్‌పల్లి ఇంట్లో మూసిన గది

శ్రావణ శుక్రవారం రిజిస్ట్రేషన్. ఇల్లు సరిగా లేదనిపిస్తే ఆగిపోవడానికి నాకు గురువారం పొద్దున ఒక్కటే మిగిలింది. గోపన్‌పల్లిలో కింది అంతస్తు, తూర్పు గుమ్మం, నా మోకాళ్ళకు మెట్లు లేని ఇల్లు. అమ్ముతున్న ఆవిడ నాకంటే చిన్నది, భర్త పోయాక కొడుకుతో బోరబండలో కిరాయికి ఉంటోంది. ఇద్దరూ తాళాలతో వచ్చారు.

కుళాయిలన్నీ తిప్పి చూశాను. తర్వాత ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించి, బయట మీటరు దగ్గర నిలబడ్డాను. ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతూనే ఉంది.

"ఏమీ నడవకుండా ఇది వెలగదండీ" అన్నాను.

"ఇల్లు కొననీకొచ్చిన్రా అమ్మగారూ, మీటర్ రీడింగ్‌కొచ్చిన్రా?" అని నవ్వాడు కొడుకు. తల్లి నవ్వలేదు.

చూడకుండా మిగిలింది వెనక గది ఒక్కటే. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ఎండిన తుమ్మకంప పెట్టి ఉంది. మాఘంలో ఆమె భర్త ఆ గదిలోనే, మంచి నక్షత్రం కాని వేళ పోయాడట. ఆరు నెలలు గది మూయమన్నారట. గడువు నిండి తొమ్మిది రోజులైంది. అయినా ఎవరూ తెరవలేదు.

"మొదాల మేం ఈ ఇంట్లనే ఉన్నం" అంది ఆవిడ. "రాత్రయితే లోపల కిర్రు కిర్రుమనేది. మంచం మీద ఆయన అటూ ఇటూ దొర్లినట్టే. కోడలు భయపడ్డది. ఇగ ఇడిసిపెట్టి పోయినం."

"గది చూడకుండా నేను సంతకం పెట్టలేనండీ."

కొడుకు కంప పక్కకు లాగి తాళం తీశాడు. తలుపు తీయగానే గాలి మొహానికి తగిలింది. ఖాళీ మంచం మీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. శవాన్ని తీసుకెళ్ళిన తొందరలో ఎవరూ ఆపలేదు.

"ఓర్నీ! ఇదా?" అన్నాడు కొడుకు. నేను స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"జర ఆగమ్మా" అంది ఆవిడ. వచ్చి మంచం అంచున కూర్చుంది. చాలాసేపు పైకి చూసింది. తర్వాత తనే లేచి ఆపింది. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి నిలిచాయి. ఆవిడ ఇంకా చెవి పెట్టి వింటూనే ఉంది.

"మీకు ఇష్టం లేకపోతే ఆగుదామండీ. ఇప్పుడు ఇంట్లో భయమేమీ లేదుగా" అన్నాను. ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు.

"భయమైతుండె, నిజమే. కానీ ఉన్నడనుకుంటుంటి కదమ్మా" అంది. "ఆర్నెల్లు నిండినంక గూడ పానం ఒప్పక ఈ గది తెరవలే. ఇగ దేనికోసం ఉంచుకోవాలె?"

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆవిడ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పెట్టమన్న ప్రతిచోటా సంతకం పెట్టింది.