తవిటయ్య పాటపెట్టెలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని ఒక చిన్న పోలీసు స్టేషనుకు నేను ఎస్సైగా బదిలీ మీద వచ్చింది ఒక జూన్ నెల మొదటివారంలో. అప్పటికి నా సర్వీసు ఇంకా ఆరేళ్ళుంది. బాధ్యతలు అప్పగించిన పాత ఎస్సై రౌడీషీటర్ల జాబితాతోపాటు తవిటయ్య గురించి కూడా చెప్పాడు. ఓడ కళాసీగా చేసి వచ్చినవాడు, మంచివాడే గానీ మోత ఎక్కువ అన్నాడు.

తవిటయ్యది బారువ. సరుకు ఓడల ఇంజను గదుల్లో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఒకసారి ఓడ మరమ్మతు కోసం జమైకా రేవులో నెలరోజులు ఆగింది. అక్కడి వీధుల్లో మనిషెత్తు స్పీకర్లు పేర్చి రెగ్గే అనే అక్కడి పాటలు వేయడం, ఒకడు మైకు పట్టుకుని ఆ పాట మీదే వాడకట్టు కష్టాలు చెప్పడం చూశాడు. ఇంటికి వచ్చాక పనసచెక్కతో అలాంటి స్పీకరు పెట్టెలు ఆరు సొంతంగా చేసుకున్నాడు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఆ పని మొదలుపెట్టింది అతనే.

నేను మొదటిసారి విన్నది ఒక ఆదివారం సాయంత్రం, బారువ ఒడ్డున. పాటలో మాటలు నాకు అర్థం కాలేదు. బేస్ గిటారు మాత్రం అరికాళ్ళలోంచి పైకి పాకింది. ఎండుచేపలు ఎత్తుతున్న ఆడవాళ్ళు ఆ దరువుకే నడుస్తున్నారు. అప్పుడు తవిటయ్య మైకు అందుకున్నాడు.

"కాళ్ళు వాసినోళ్ళు సిగ్గుపడి ఇంట్లో కూకోకండి. టెక్కలెల్లి రగతం పరీచ్చ సేయించుకోండి. కొత్త ట్యాంకు కట్టినారు గదా, అందులో నీల్లేవి? అడగండి!"

మూత్రపిండాల జబ్బుతో మనుషులు పోతున్న ఊళ్ళవి. జనం అడగడం మొదలుపెట్టారు. ఆ మంచినీళ్ళ ట్యాంకు కట్టించిన స్థానిక నాయకుడు మా సీఐని కలిశాడు. మర్నాడు సీఐ ఫోన్ చేసి, ఆ పెట్టెలు స్టేషనులో ఉండాలన్నారు. కారణం అడిగితే, వెతుక్కోమన్నారు. కాగితం మీద ఏమీ రాలేదు.

మైకుకు అనుమతి డీఎస్పీ కార్యాలయం ఇస్తుంది. అసలు పత్రం మైకు పెట్టేవాడి దగ్గర, నకలు ఆఫీసు ఫైల్లో ఉంటాయి. తరువాతి ఆదివారం నేను వెళ్ళి అడగ్గానే తవిటయ్య చొక్కా జేబులోంచి పత్రం తీసి ఇచ్చాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మడిచి నా జేబులో పెట్టుకున్నాను. స్వాధీనం చేసుకున్న వస్తువులకు ఇద్దరు సాక్షుల ఎదుట రాసేదాన్ని మధ్యవర్తుల నివేదిక అంటాం. అందులో "అనుమతి పత్రం చూపలేదు" అని రాసి సంతకం చేశాను. ఆ రాత్రే పత్రం చించేశాను.

ఆరు పెట్టెలనూ స్టేషను పెరట్లో దించారు. తవిటయ్య వారం వారం వచ్చేవాడు.

"బావూ, ఇడిసిపెట్టమని అడగట్లేదు. కూసింత వరండాలోకి జరిపించండి, సాలు. లోపల కాయితం కోన్లుంటాయి. సెమ్మ తగిల్తే పోతాయి."

కోర్టు ఆస్తి, ముట్టుకోకూడదని చెప్పాను. అది అబద్ధం. కేసు ఆస్తిని భద్రంగా ఉంచాల్సిన బాధ్యత స్టేషను అధికారిదే. స్టేషను రైటరైన హెడ్ కానిస్టేబులుకు ఆ సంగతి తెలుసు. నా ముఖం చూసి తలదించుకున్నాడు. ఆ వర్షాకాలమంతా పెట్టెలు తడిశాయి.

కోర్టులో నేను రాసిందే చెప్పాను. డీఎస్పీ ఆఫీసు నుంచి నకలు తెప్పించాల్సింది దర్యాప్తు అధికారిగా నేనే, తెప్పించలేదు. మూడు వాయిదాలు తిరిగి, ఇక తిరగలేక తవిటయ్య నేరం ఒప్పుకున్నాడు. పెట్టెలు తిరిగి ఇచ్చేనాటికి ఒక్కటీ పలకలేదు. అతను మళ్ళీ పెట్టె కట్టలేదు. నాలుగేళ్ళకు, ఏ జబ్బు గురించి ఊరూరా చెప్పాడో ఆ జబ్బుతోనే పోయాడు.

రిటైరై టెక్కలిలో ఉంటున్నాను. పోయిన ఏడాది ఒక పెళ్ళికి పలాస వెళ్తే, బజారులో ఆ బేస్ మళ్ళీ వినిపించింది. మైకు పట్టుకున్నది తవిటయ్య కూతురు నీలవేణి అని పక్కవాళ్ళు చెప్పారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. తండ్రి కొలతలతో కొత్త పెట్టెలు కట్టింది. ఆమెను చూసి మరో మూడు ఊళ్ళవాళ్ళు కూడా కట్టుకున్నారట. పాట మధ్యలో రక్తపరీక్షల శిబిరం ఎక్కడో చెబుతోంది.

పాట అయ్యాక దగ్గరకెళ్ళి నేనెవరో చెప్పాను. పత్రం సంగతీ చెప్పాను.

"నాన్నకి తెల్సండి. మీరు జేబులో ఎట్టుకున్నప్పుడే సూసినాడు. సెప్తే ఎవులు నమ్ముతారన్నాడు," అంది. కోపం లేదు. కేబుల్ చుట్టుకుంటూనే అడిగింది, "అదే రాసి సంతకం ఎడతారా? మా నాన్న తప్పు సేసినోడని కోర్టు కాయితంలో ఉండిపోనాది."

రెండు రోజులు ఆగమన్నాను. నిజం రాసిస్తే పోయే పింఛను గుర్తొచ్చింది. రెండు రోజులన్నది పదకొండు రోజులైంది. పన్నెండోనాడు వాంగ్మూలం రాసి, నోటరీ చేయించి, పలాస వెళ్ళి ఆమె చేతికిచ్చాను. కేసు తిరగదోడడానికి వకీలును పెట్టుకుంది. కోర్టు నన్ను పిలిచిన రోజున వెళ్తాను.

ఉద్యోగంలో చేరే కుర్ర ఎస్సైలు ఎవరైనా అడిగితే చెప్పేది ఒకటే. పైఅధికారి ఆజ్ఞ నోటిమాటగా వస్తుంది, నోటిమాటగానే పోతుంది. నివేదిక కింద సంతకం మాత్రం మనది.