నబికి ఆపిన పాట

మా ఏరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. ఎండలు ముదిరి మేత మండిపోయాక, మా సంబురు తెగవాళ్ళం పశువుల్ని తోలుకుని దాని దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్తాం. అడిగి తాగాలి, పొమ్మనకముందే లేచి రావాలి. పెద్దవాళ్ళు చెప్పే మాట ఇది. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా వాళ్ళంటారు. మిగతా సగం ఇంకా పెద్ద కోతలని మా వదిన నబికి అంటుంది. ఇది మాత్రం కోత కాదు. ఏరు పొమ్మన్నాక లేచినవాళ్ళ పూసలు ఇసుకలో నాకు దొరికాయి.

నబికి మా పెదనాన్న కొడుకు లెటివా పెళ్ళాం. మనిషి సన్నం, మాట పొదుపు. కొత్తకోడలుగా ఉన్న రోజుల్లో పాలు పితుకుతుంటే సింహం కంచె దూకి వచ్చిందట. ఈవిడ తల తిప్పకుండా, "కూర్చో, దూడల తర్వాతే నువ్వు," అందట. అది కూర్చుందట. ఈ కథ నేనే పుట్టించాను. పక్క లోయలో వాళ్ళు దాన్నే నాకు తిరిగి చెప్పారు, అదీ సింహాలు రెండు చేసి. ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

లెటివాకి ఉన్నదల్లా గొంతు. ఆ గొంతుకి పొగరు. ఏట్లో ఎవరి గుంట వాళ్ళు తవ్వుకుంటాం, ఎవరింటి పాట వాళ్ళు పాడుకుంటాం. గుంటలోకి దిగినవాడు నీళ్ళు తోడి పైనున్న మట్టితొట్టిలోకి ఎగజిమ్ముతూ పాడుతుంటే, ఆ ఇంటి ఆవులు ఎన్ని మందల్లో కలిసిపోయి ఉన్నా విడివడి వస్తాయి. పక్కింటి పాటకి చెవి కూడా విదల్చవు. గుంట పైన ఆ ఇంటి మనిషే ఒకరు వంత పాడాలి. వంత నడిచినంతసేపూ కిందివాడు ఆగకూడదు. వంత తెగిందంటే ఒకటే అర్థం: ఇంట్లో ఎవరో పోయారు, పైకి రా. అందుకే దగ్గొచ్చినా దప్పికేసినా వంత ఆపరు. చావు లేకుండా ఆపితే, పిలిచారు కదా అని చావే దారి వెతుక్కుంటూ వస్తుంది.

ఆ ఏడాది ఏనుగులు మాకంటే ముందు ఏటిని వదిలిపోయాయి. అవి తవ్వుకున్న గుంటల్లో నీళ్ళు తేటగా అలాగే ఉన్నాయి, తాగేవాళ్ళు లేరు. కోతులు గట్టు దిగడం మానేశాయి. నెత్తి మీద మబ్బుతునక లేదు. ఉత్తరాన కొండలు మాత్రం కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి.

లెటివా అవతలి ఒడ్డున, ఏరు మలుపు తిరిగే చోట, నల్లబండ కింద తవ్వుతానన్నాడు. అక్కడి నీళ్ళు తీపి. వరద వస్తే మొదట గుద్దేది కూడా ఆ బండనే.

"ఏనుగులు వెళ్ళిపోయాయి. అక్కడ వద్దు," అంది నబికి.

"వాటికెక్కడో పెళ్ళి పిలుపు వచ్చుంటుంది."

"వాటికి వచ్చింది, మనకి రాలేదు. నా భయం అదే."

లెటివా నవ్వి పార భుజాన వేసుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వు బాగానే ఉండింది గానీ, ఏట్లో అది మారుమోగకుండా ఇసుకలోకి ఇంకిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అతను గుంటలో ఉన్నాడు. ఆవులన్నీ తొట్టి చుట్టూ చేరాయి. ఇవతలి గట్టున తుమ్మచెట్టు నీడలో దూడల్ని కాస్తూ నబికి వంత పాడుతోంది. పక్కనే నేను పడుకుని, పడుకోవడంలో నన్ను మించినవాడు లేడని రుజువు చేస్తున్నాను.

ముందు గువ్వలు ఆగాయి. తర్వాత చల్లటి గాలి, అందులో తడిమట్టి వాసన. ఎండలో తడిమట్టి వాసన వస్తే మా వాళ్ళు ఉన్నవి ఉన్నట్టే వదిలి గట్టెక్కుతారు. నేను లేచి చూసేసరికి ఇవతలి ఒడ్డు పల్లంలో పాములా ఒక నీటిపాయ వస్తోంది. దాని మీద నురగ, ఎండు పేడ, పుల్లలు. వెనకెక్కడో పెద్ద మంద పరిగెడుతున్న చప్పుడు. ఆ దిక్కున ఎవరికీ మందల్లేవు.

అన్నని పిలుస్తూ దిగి పరిగెత్తాను. మొసలి వీపున నిలబడి ఏరు దాటానని చాలామందికి చెప్పినవాణ్ణి, మోకాలి లోతు నీళ్ళు కాళ్ళు లాగేసి నన్ను తిరిగి గట్టుకే విసిరాయి. అరిచాను. గుంట అడుగున ఉన్నవాడికి తన గొంతే సొరబుర్రలో తేనెటీగలా హోరెత్తుతుంది. నా అరుపు ఎక్కడ వినిపిస్తుంది? అతని చెవికి అందేది ఎప్పుడూ వినే వంత ఒక్కటే.

నబికి గొంతు పెంచింది. ఆ తేడాకి పైకి వస్తాడనుకుంది. మా వాడు దాన్ని పందెం అనుకున్నాడు. అంతకు రెట్టింపు ఎత్తుకున్నాడు. ఆవులు సుఖంగా తలలు దించి తాగుతున్నాయి. మలుపు వెనక చెట్లు విరుగుతున్నాయి.

"వదినా, ఆపు. ఆపితే వస్తాడు."

ఆవిడ పాడుతూనే నా వైపు చూసింది. ఒక్క చరణం పూర్తి చేసి, ఊపిరి తీసుకునే సందులో అడిగింది.

"ఆపితే ఎవరు పోవాలి?"

దేనికైనా ఓ కథ చెప్పే నోరు నాది. ఆ పూట చేత్తో మలుపు వైపు చూపించాను.

నబికి మెడలోని పూసల మీద చెయ్యి వేసుకుని ఏటివైపు తిరిగింది.

"అయితే నన్ను రాసుకో," అని నోరు మూసేసింది.

గుంటలోంచి లెటివా గొంతు ఒంటరిగా ఒక చరణం నడిచి, మెట్టు లేని చోట అడుగేసినట్టు తడబడి ఆగింది. చేతులు కనబడ్డాయి, తర్వాత తల. బయటికొచ్చి అతను చూసింది ఏటి ఎగువకి కాదు, మా వైపు. ఎవరు తగ్గారో వెతుక్కుంటున్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి ఎగువకి చూపించాను. అప్పుడు చూశాడు. పాట ఎత్తుకుని బండ మీదికి పాకాడు, ఆవులు ఆ పాట వెంట ఎగబడ్డాయి. కొమ్ము వంగిన ముసలి తెల్లావు మాత్రం తొట్టి మళ్ళీ నిండుతుందని ఆగింది. గోధుమరంగు గోడ మలుపు తిరిగింది. ఆవు, తొట్టి, గుంట, ఏదీ లేదు.

ఏరు తగ్గేదాకా ఆ ఒడ్డున అతను, ఈ ఒడ్డున ఈవిడ. దాటి రాగానే అతను అడిగిన మొదటి మాట, "ఎవరు?"

"తెల్లావు," అంది నబికి.

మనిషి కోసం ఆగే వంతకి ఆవు చెల్లదని పెద్దలన్నారు. ఆ ఆవు మీలో కొందరికంటే పెద్దదీ, బుద్ధిమంతురాలూ అని నేను వాదించాను. అందరూ నవ్వారు. నబికి నవ్వలేదు. గట్టు మీద తను ఏమందో విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఏది విన్నా రెండింతలు చేసి చెప్పే నేను, దాన్ని ఉన్నంత కూడా లెటివాకి చెప్పలేదు.

ఇప్పుడతను ఇవతలి ఒడ్డునే తవ్వుతాడు. ఆవిడ గుంట అంచునే కూర్చుని పాడుతుంది. ఈ ఎండాకాలం గొంతులో జీర వచ్చింది, రాత్రిళ్ళు దగ్గుతోంది. నిన్న వంత మధ్యలో ఆ దగ్గే అడ్డుపడింది. ఉమ్మి మింగేంతసేపు, అంతే. అప్పటికే లెటివా గుంట అంచున ఉన్నాడు. తడి ఇసుక చేతులతో ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

"ఏం లేదు, దిగు," అంది.

దిగాడు. ఆవిడ ఎత్తుకుంది.

ఎగువన ఏనుగులు ఇంకా ఉన్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి వస్తున్నాను.