జారిపోయే తాయెత్తు

ప్రయాణానికి గుడ్లు ఉడకబెట్టుకునేటప్పుడు, తినేవాళ్లు లేకపోయినా, ఇప్పటికీ నేను రెండు ఎక్కువే వేస్తాను.

డెబ్బైల చివర్లో ఒకరోజు చిత్తూరులో వేలూరు బస్సెక్కాను. నా పక్కన ఒక రైతు, కిటికీ దగ్గర అతని భార్య. అతని జబ్బకు కట్టిన తాయెత్తు మోచేతి దాకా జారుతోంది. ఆమె పైకి తోసి బిగిస్తోంది, అది మళ్లీ జారుతోంది. కడుపులో కేన్సరుకు కరెంటు పెట్టించుకుంటున్నాడట. రేడియేషన్‌ని అప్పట్లో మా వైపు అలాగే అనేవాళ్లం.

నేను గుడ్డు ఒలిచాను. అతను దానిమీంచి చూపు తిప్పుకోలేదు.

"పత్యం!" అంది ఆమె గట్టిగా. "గుడ్డు, పప్పు, పెరుగు ఏదీ ముట్టగూడదు. గెంజి తాగినావు గదా."

"డాక్టరు తినమన్నాడు గదే. కండ ఇంకా కరిగితే ఒళ్లు తట్టుకోలేదు, కరెంటు ఆపేస్తామని సెప్పినాడు. ఈ పొద్దు తూకం సూస్తారు."

"ఆయనకు మన పత్యాలు ఏం తెలుసు? తిని నీకేమన్నా అయితే నేను యాడికి పోవాల?"

బస్సు కుదుపుకు తాయెత్తు ఈసారి మణికట్టు మీద పడింది. ఆమె దాన్ని పైకి తోయబోయి ఆగింది. రెండు వేళ్లు చుట్టి అతని జబ్బను కొలిచింది. వేళ్లు కలిశాయి.

నేను గుడ్డు ఆమె ముందుకు చాచాను. తీసుకుంది. కొంచెం తుంచి అతని నోట్లో పెట్టి, విషం పెట్టినదానిలా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. అతను నమిలి మింగాడు. ఏమీ కాలేదు. మిగతాదంతా పెట్టేసింది.

వేలూరు దగ్గరపడుతుండగా, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇంగొకటి ఉండాదా, అన్నా?"

లేదు.