ఢిల్లీ దాకా వెళ్ళిన ప్రార్థన

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో విహారయాత్ర అనే మాటకి పెద్దగా వాడకం ఉండేది కాదు. యలమంచిలి వెళ్తే రైలెక్కడానికి, విశాఖపట్నం వెళ్తే పెద్దాసుపత్రికి. ఊరికే చూసి రావడానికి, అదీ రాళ్ళని చూసి రావడానికి, జీపు మాట్లాడుకున్నారంటే ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని వీధంతా అనుకునేది. అనుకున్నది నిజమే. డెబ్భైల చివర్లో, నాకు పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఏడాది, నన్ను పెంచిన మా పెదనాన్న జీపు మాట్లాడింది రాళ్ళ కోసం కాదు, నా పెళ్ళి కోసం. పెళ్ళిచూపులని పేరు పెడితే, కుదరకపోయినప్పుడు ఇరువైపులా చిన్నతనం. అందుకని మా చర్చి కుటుంబాల్లో కొందరు ఆ పనిని పిక్నిక్ పేరుతో కానిచ్చేవారు. రెండు కుటుంబాలూ కలిసి ఎక్కడికో వెళ్తాయి, అబ్బాయీ అమ్మాయీ చూడనట్టు చూసుకుంటారు, తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అనకపోతే అది ఉత్త పిక్నిక్కే అయిపోతుంది. (నా స్నేహితుడొకడు అలా చాలా పిక్నిక్కులు చేసి, చివరికి సముద్రం పేరు చెబితేనే మొహం తిప్పుకునేవాడు.)

అమ్మాయిది యలమంచిలి. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసింది. వాళ్ళ నాన్నగారు అక్కడి చర్చిలో సంఘపెద్ద. ఆయన షరతు ఒక్కటే, అబ్బాయి ప్రార్థనాపరుడై ఉండాలి. అంతకుముందు వచ్చిన సంబంధాన్ని, అబ్బాయికి రైల్వే ఉద్యోగం ఉన్నా సరే, ప్రార్థన మధ్యలో వాచీ చూసుకున్నాడని వెనక్కి పంపేశారు. ఈ సంగతి చెవిన పడ్డ దగ్గర్నుంచి మా పెద్దమ్మకి నిద్ర లేదు. ఎందుకంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది, ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఉండలేను. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు లోకం ఎలా ఉంటుందో చూడాలని మహా కుతూహలం. ఆ ఉదయం పెద్దమ్మ నా చేతి వాచీ విప్పించి తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. కళ్ళకి తాళం వేసే వీలు లేక బతిమాలుకుంది. "ఈ ఒక్క పూట మూసుకోరా నాయినా. ఇంత మంచి సంబంధం మల్లీ రాదు" అంది.

ఇక పెదనాన్న ప్రార్థన గురించి చెప్పాలి. ఆయన ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. మందు సీసాలకి చీటీ అంటించినంత పద్ధతిగా ప్రార్థన చేసేవారు. ముందు మా కుటుంబం, తరువాత సంఘం, ఆ తరువాత ఊళ్ళో రోగులు, చెరకూ వరీ వేసిన రైతులు, రాష్ట్రాన్ని ఏలేవారు, ఢిల్లీలో ఏలేవారు, పరదేశాల వారు, అందరూ అయ్యాక ఆఖరున భోజనం. పరదేశాలు దాటి భోజనానికి వచ్చేసరికి భోజనం చల్లారిపోయేది. ఆయన ముగించి ఆమెన్ అనేదాకా కళ్ళు తెరవడం మా ఇంట్లో దొంగతనం కింద లెక్క.

జీపు మా గుమ్మం ముందే అరగంట ప్రార్థన విని బయల్దేరింది. యలమంచిలిలో వాళ్ళు ముగ్గురూ ఎక్కాక ఇంకోసారి విన్నది. అమ్మాయి తెల్ల చీర కట్టుకుని, డ్రైవరు వెనక వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నేను వెనక బల్ల మీద పలావు గుండిగని రెండు మోకాళ్ళ మధ్యా బిగించి పట్టుకుని కూర్చున్నాను. కాబోయే పెళ్ళికొడుకు హోదా అంతవరకే. నక్కపల్లి వైపు వెళ్ళి, రోడ్డు దిగి, సరుగుడు తోటల్లోంచి ఇసుకలో కూరుకుంటూ సముద్రం ఒడ్డుకి చేరాం.

రాళ్ళు మాత్రం నిజంగా చూడదగ్గవే. కొండ నీళ్ళలోకి దిగే చోట ఒకటి పడుకున్న ఎద్దులా ఉంది, మూపురంతో సహా. ఇంకొకటి చిన్న రాతి మీద నిలబడ్డ పెద్ద గుండు, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా ఉంటుంది గాని ఎప్పటినుంచో పడలేదట. దేవుడు పట్టుకున్నాడు కనుకనే పడలేదని సంఘపెద్దగారు అన్నారు. ఎవరైనా తోసి చూశారా అని అమ్మాయి మెల్లిగా అడిగింది. అడిగింది వాళ్ళమ్మని, తోసింది నేను. భుజం ఆన్చి శక్తికొద్దీ తోశాను. గుండు కదల్లేదు, కొత్త చొక్కా చంక దగ్గర పర్రుమంది. ఆ తరువాత పూటంతా కుడి చెయ్యి ఒంటికి అంటించుకునే తిరిగాను. (చూసినవాళ్ళు వినయం అనుకుని ఉంటారు.)

ఎద్దు రాయి నీడలో, బల్లలా సమంగా ఉన్న ఇంకో రాయి నీళ్ళ అంచుదాకా పరుచుకుని ఉంది. దేవుడే భోజనానికి వేసి ఉంచాడని పెదనాన్న మురిసిపోయి, అక్కడే జంబుఖానా పరిపించారు. గుండిగ సముద్రం వైపు అంచున పెట్టారు, పక్కన పెరుగు చట్టి. అందరం చుట్టూ కూర్చున్నాం. పెదనాన్న చెప్పులు విడిచి నిలబడి కళ్ళు మూసుకున్నారు.

కుటుంబం, సంఘం, రోగులు అయ్యేదాకా ధర్మంగానే ఉన్నాను. రైతుల దగ్గర ఎడమ కన్ను దానంతటదే తెరుచుకుంది. మేం వచ్చినప్పుడు అంత దూరాన ఉన్న సముద్రం ఇప్పుడు రాయిని నాకుతోంది. ప్రతి కెరటం ముందటిదాని కంటే ఒక జానెడు ముందుకొస్తోంది. పెద్దమ్మ కోడిపుంజుని కోయించి, తెల్లారకముందే లేచి చేసిన పలావు అది. చెబుదామంటే కళ్ళు తెరిచానని ఒప్పుకున్నట్టే, సంబంధం పోయినట్టే. ఊరుకుంటే పలావు పోయినట్టే. రెంటి మధ్యా నలుగుతూ తల తిప్పేసరికి, అమ్మాయి కళ్ళు రెండూ బాహాటంగా తెరుచుకుని గుండిగ వైపే చూస్తోంది. నన్ను చూసింది. ఏం చేద్దాం అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. ఆ క్షణంలోనే చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. అప్పటికి పెదనాన్న ఢిల్లీ చేరారు. పరదేశాలకి బయల్దేరే ముందు ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగారు.

"ఆ...మెన్" అంది అమ్మాయి, ఆరాధనలో అన్నంత స్పష్టంగా.

పుట్టినప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది. అందరూ ఆమెన్ అనేశారు. పెదనాన్న కూడా అనేసి, అన్నందుకు తానే నివ్వెరపోయి కళ్ళు తెరిచారు. పెద్దమ్మ కెవ్వుమని గుండిగని కావలించుకుంది. కెరటం పెరుగు చట్టినీ, పెదనాన్న చెప్పుల్లో ఒకదాన్నీ తీసుకుని మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది.

జంబుఖానా పైకి మార్చుకున్నాక పెదనాన్న చెప్పు పోయిన విచారంతో ఊరుకోలేదు. మధ్యలో ఆమెన్ అన్నదెవరని అడిగారు. అమ్మాయి మొహం పాలిపోయింది. నేనేనని అన్నాను. ఆడగొంతుకీ మగగొంతుకీ తేడా తెలియని మనిషి అక్కడ ఎవరూ లేరు. అయినా సంఘపెద్దగారు నా వైపే తిరిగారు.

"అయితే ప్రార్దనలో కళ్ళు తెరిసినావా బాబూ?"

"తెరిశానండీ."

ఆయన పలావు తినడంలో పడ్డారు. పెద్దమ్మ నాకు మాత్రం ఒక్క ముక్కా వేయలేదు. భోజనాలయ్యాక పెద్దవాళ్ళు రాళ్ళ నీడన కునుకు తీశారు. నేను కంచాలు కడుగుతున్న నెపంతో నీళ్ళ దగ్గర కూర్చుని నా ఖర్మని తిట్టుకుంటున్నాను. అమ్మాయి తన కంచం తెచ్చి అందిస్తూ, నాకు వాచీ లేదేమిటని అడిగింది. పెద్దమ్మ పెట్టెలో ఉందని చెప్పాను. ఎందుకు పెట్టిందో ఆమెకి అర్థమై, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంతసేపు నవ్విందో. ఆ నవ్వు విన్నాక సంబంధం పోయిందన్న బాధ రెట్టింపైంది.

సాయంత్రం యలమంచిలిలో దిగినప్పుడు సంఘపెద్దగారు నన్ను జీపు వెనక్కి పిలిచారు.

"గొంతు మా అమ్మాయిదని నాకు తెలీదేటి? దాని మాట నీ మీదేసుకున్నావు, సంతోషం" అన్నారు. తరువాత ఇంకా చిన్న గొంతుతో, "కెరటం నేనూ సూసినాను బాబూ. రైతుల కాడి నుంచీ సూస్తనే ఉన్నాను. సంఘపెద్దని, నోరెలా తెరుస్తాను? బేగి మీ పెదనాన్నగారిని ఓసారి మా ఇంటికి రమ్మను" అన్నారు.

జీపు చీకట్లో నర్సీపట్నం దారి పట్టాక గాని నాకు వెలగలేదు, ఆ రైల్వే అబ్బాయి వాచీ చూసుకున్న సంగతి ఆయనకెలా తెలిసిందో.

ఇప్పుడు పెదనాన్నా లేరు, మా మావగారూ లేరు. ఇంట్లో ప్రార్థన నాదే, సంఘంలో పెద్దరికమూ నాదే. పొడుగ్గానే చేస్తానని మనవలు గొణుక్కుంటారు. ఢిల్లీ దగ్గరికి వచ్చేసరికి నేను కావాలని కాస్త ఆగి, ఎడమ కన్ను తెరుస్తాను. బల్ల అవతల మా ఆవిడ కళ్ళు రెండూ తెరుచుకుని నా వైపే చూస్తూ ఉంటుంది. కనుబొమ్మలు ఎగరేస్తుంది, అంతే. ఆమెన్ అనదు. అంటుందేమోనని మాత్రం రోజూ ఆగుతాను.