రెండూ ఎడమ చేతులే

మా అక్క మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. అందుకే వీధి మొత్తానికీ ఆమె టేపక్క. స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తుందో లేదో నాకు అనుమానమే. రెండు కుట్టు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, మూటల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి, ఇదీ ఆమె కొట్టు. నేను ఆమె తమ్ముణ్ణి, హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. ఇరవై రెండేళ్లుగా ఊరి పిల్లలందరికీ లెక్కలు నేర్పిన ఘనుణ్ణి. నా కూతురు పదో తరగతి తప్పింది, అదీ లెక్కల్లోనే.

నవ్వండి, ఫర్వాలేదు. మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు.

నెలన్నరలో మళ్లీ పరీక్ష ఉంది. అది రాయకపోతే చదువు అక్కడితో సరి. పిల్లేమో "నేను రాయను, నాకు బుర్ర లేదు" అని భీష్మించుకుని కూర్చుంది. ఆ మాట దానికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని, మూడో తప్పుకల్లా గొంతు చించుకునేది నేనే.

ఒకరోజు అక్క వచ్చింది. "సెలవులే కదరా, దీన్ని కొట్టుకి పంపించు. నీ అరుపులకంటే మిషన్ చప్పుడే నయం," అని పిల్లను వెంటబెట్టుకుపోయింది.

అక్క సంగతి కొంత చెప్పాలి. చిన్నప్పుడు నాకు అర్థం కాకపోతే నాన్న ఇంకోసారి చెప్పేవాడు. అక్కకు అర్థం కాకపోతే "మొద్దు" అనేవాడు. నాకు చదువుకోవడానికి బల్ల, ఆమెకు తోమడానికి గిన్నెలు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి, ఒక టైలరు దగ్గర గుండీలు కుట్టే పనికి పెట్టారు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి ఎంత గుడ్డ పడుతుందో చెప్పే మనిషి మొద్దు ఎలా అయిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. తెలివి నాకు పుట్టుకతో వచ్చిందనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండేది మరి.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పిల్ల కత్తెర పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. బల్ల మీద ఒక నర్సమ్మ చొక్కా కుట్టమని ఇచ్చిన నిలువు చారల గుడ్డ ఉంది. కాగితం నమూనా పెట్టి ఒక చెయ్యి కత్తిరించాక, రెండో చేతికి ఆ కాగితాన్ని తిరగేయాలి. పిల్ల తిరగేయలేదు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. గుడ్డను వెనక్కి తిప్పి కుడదామంటే వెనక వైపు వెలిసిపోయినట్టుంది.

అలవాటుగా నా నోరు తెరుచుకుంది. అక్క నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. "ఒరేయ్, కింద గుండుసూదులు పడ్డాయి, ఏరు."

"పాడు చేశానత్తా. ఇంటికెళ్లిపోతాను," అంది పిల్ల.

"వెళ్దువుగాని. మిగిలిన గుడ్డ ఎంతుందో కొలిచి వెళ్లు."

"కొలిచాను. ఇంకో చెయ్యి రాదు. నాలుగంగుళాలు తక్కువ."

"నేను ఇదే తప్పు చేసినప్పుడు ఆరు తక్కువైంది. నీ పనే నయం. ఆమె రేపు కదా వచ్చేది, నిదానంగా ఆలోచించు," అని అక్క తన మిషన్ తొక్కుకుంటూ కూర్చుంది.

నేను సూదులు ఏరుతూ చూశాను. పిల్ల పాత పేపరు అంచు మీద బొమ్మ గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది. మిగిలిన గుడ్డలోంచి పొట్టిగా వచ్చే కుడి చేతికి, తక్కువైన నాలుగంగుళాలకీ కింద పట్టీ వేయాలి. ఒక్క చేతికే వేస్తే అతుకులా కనిపిస్తుంది, కాబట్టి బాగున్న చేతినీ పొట్టి చేసి దానికీ వేయాలి. పట్టీలు పాడైన చేతిలోంచే వస్తాయి. చారలు అడ్డం తిప్పితే కావాలని పెట్టినట్టుంటుంది. భిన్నాలు చూస్తేనే బెదిరిపోయే పిల్ల, కుట్టు మడతలకి వదలాల్సిన అరలూ పావులూ నోటితోనే కలిపేస్తోంది. నా పక్కన నాలుగు నిమిషాలు కుదురుగా కూర్చోనిది, ముప్పావుగంట తల ఎత్తలేదు. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

తప్పు చేసినవాళ్లే గుడ్డ ఇచ్చినవాళ్లకి చెప్పుకోవాలన్నది ఆ కొట్టులో నియమం. మర్నాడు పిల్ల చొక్కా నర్సమ్మ ముందు పరిచి చెప్పింది. "రెండూ ఎడమ చేతులే కత్తిరించానండీ. ఇలా సరిచేశాను. నచ్చకపోతే చెప్పండి, కొత్త గుడ్డ తెచ్చి కుట్టి ఇస్తాం."

నర్సమ్మ చొక్కా తిప్పి తిప్పి చూసింది. "రెండూ ఎడమవే అయితే ఇంజక్షన్లు ఎలా వేసేదాన్నే తల్లీ!" అని పకపకా నవ్వి, తొడుక్కునే వెళ్లింది.

ఇంటికి నడుస్తుంటే పిల్ల అంది, "నాన్నా, పరీక్ష రాస్తాను. నువ్వు మాత్రం పక్కన కూర్చోకు. లెక్క రాకపోతే నేనే పిలుస్తాను."

పిలిచినప్పుడల్లా వెళ్లి, పళ్లు బిగబట్టుకుని మళ్లీ మళ్లీ చెప్పాను. రెండుసార్లు పెరట్లోకి వెళ్లి ఒక్కణ్ణే అరిచి వచ్చాను.

యాభై రెండు మార్కులతో గట్టెక్కింది. ఇద్దరం కొట్టుకి పరిగెత్తాం. అక్క టేపు అంచుతో కళ్లు తుడుచుకుంది.

"అక్కా, నాన్న నిన్ను మొద్దన్నప్పుడల్లా నేను నవ్వేవాణ్ణి," అన్నాను.

"గుర్తుందిరా," అంది.

"నువ్వూ ప్రైవేటుగా పదో తరగతి కట్టు. నేను చెప్తాను."

అక్క మిషన్‌లో ఉన్న గుడ్డ తీసి పక్కన పెట్టింది. "కడతాను. నువ్వు మాత్రం వద్దులేరా, అరుస్తావు. నా మేనకోడలు చెప్తుంది."

పిల్ల అప్పుడే స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం అత్తా?"

"ఎనిమిదో తరగతి నుంచి," అంది అక్క. "సగంలో ఆపేశారు."