బంగారుపాళ్యం బస్సులో మా చిన్నాయన

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఆయిలింజన్లు రిపేరు చేసి బతికినవాణ్ణి. ఇంజన్ మొరాయిస్తే విప్పుతాం, కారణం దొరుకుతుంది. దొరకలేదంటే సరిగ్గా చూడలేదని అర్థం. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయటివాళ్లెవరికీ చెప్పలేదు.

డెబ్బైలలో, మామిడి కాపు రోజుల్లో జరిగింది. మా చిన్నాయన, అంటే మా నాయనకు తమ్ముడు, నాకంటే సరిగ్గా పన్నెండేళ్లు పెద్ద. అంతకు చాలా ఏళ్ల ముందు చిత్తూరులో మా ఇంటి నుంచి ఒకరోజు పొద్దున ఇప్పుడే వస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. అలా పన్నెండేళ్లు గడిచిపోయాయి.

అన్నేళ్లు జాడ తెలియకపోతే మనిషి పోయినట్టే లెక్క అని మా ఇళ్లలో ఆచారం. దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి కర్మ చేస్తారు. చిన్నాయనకు పిల్లలు లేరు కాబట్టి నిప్పు పెట్టాల్సింది నేను. తర్వాత మా పిన్నమ్మ మెడలో తాళి తీసేస్తారు. ఆమె ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. మా నాయన పోరు పడలేక చివరికి సరేనంది.

తెల్లవారితే కర్మ అనగా, బంగారుపాళ్యం దగ్గర ఒక తోటలో ఇంజన్ ఆగిపోయిందని కబురొచ్చింది. తిట్టుకుంటూనే వెళ్లాను. పని ముగించి, మధ్యాహ్నం మూడింటికి చిత్తూరు బస్సు కోసం రోడ్డు మీదకు వస్తే, టీ అంగడి బెంచీ మీద చిన్నాయన కూర్చొని ఉన్నాడు.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు యాడ సచ్చినావు చిన్నాయనా?" అని రోడ్డు మీదే అరిచాను.

"ఏందిరా ఆ అరుపులు, కూసో" అన్నాడు, నిన్న సాయంత్రమే కలిసినవాడిలాగా.

"రేపు నీకు కర్మ సేస్తా ఉండాము, తెలుసునా?"

"అట్లనా" అన్నాడు. పిన్నమ్మ ఎలా ఉందని అడుగుతాడేమోనని చూశాను. ఈ తూరి మామిడి కాపు ఎట్లుండాదని అడిగాడు!

రెక్క పట్టుకుని బస్సెక్కించాను. చొక్కా చెమటకు తడిసి నా చేతికి అంటుకుంది, ఇప్పటికీ గుర్తు. కిటికీ పక్కన ఆయన, ఇటు నేను. రెండు టికెట్లు తీసుకున్నాను. దారిలో నోటికొచ్చిందల్లా తిట్టాను. ఆయన తలూపుతూ కూర్చున్నాడు. చివరికి ఆ ముఖం చూడబుద్ధి కాక అటు తిరిగాను. ఊళ్లోకి వచ్చాక ఇటు తిరిగితే సీటు ఖాళీ.

బస్సు మధ్యలో ఎక్కడా ఆగలేదు. కిటికీకి ఇనప కమ్ములున్నాయి. ఆయన దిగాలంటే నా మోకాళ్లు దాటుకుని పోవాలి. నేను నిద్రపోలేదు. కండక్టరును నిలదీస్తే, "రెండు అడిగితివి, ఇచ్చినా. ఎవురికో నాకేం తెలుసునబ్బా" అని విసుక్కున్నాడు.

మళ్లీ ఎగ్గొట్టి పారిపోయాడనే అనుకున్నాను. ఆ కోపంతోనే ఇంటికెళ్లి, చిన్నాయన బతికే ఉండాడు, కర్మ ఆపమని చెప్పాను. నిప్పు పెట్టే పని తప్పించుకోవడానికి కతలు చెబుతున్నానని నాయన కేకలేశాడు. పిన్నమ్మ వంటింట్లో నుంచి పరుగున వచ్చింది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఎట్లుండాడబ్బా? బాగా ముసిలోడైపోయినాడా?" అని అడిగింది.

నాయన నమ్మాలని గట్టిగా చెప్పాను. "పోయిన పొద్దు ఎట్లుండినాడో అచ్చం అట్లే ఉండాడు పిన్నమ్మా. ఒక్క ఎంటిక గూడా నెరవలా. పక్కన కూసుంటే నా ఈడోని మాదిరే ఉండాడు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు తట్టింది. ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. మా నాయనతో, "రేపే కానీండి బావా" అని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారి నిప్పు నేనే పెట్టాను.

ఆ బస్సులో నా పక్కన కూర్చున్నది ఎవరో, ఎలా పోయాడో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. నమ్మమని ఎవరినీ అడగను. నా కోపమల్లా నా మీదే. ఆమె అడిగినప్పుడు సగం తల నెరిసిందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే, పిన్నమ్మ ఉన్నన్నాళ్లూ బొట్టు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండేది.