సున్నా సెకన్లు

"పాతది పోయింది వదినా, ఇంక రాదు."

మా మరిది ఈ మాట అన్నది ఒక ఆదివారం పొద్దున, నేను పోసిన దోసెలు తింటూ. ఒక చేత్తో దోసె తుంచుతూ, ఇంకో చేత్తో మౌస్ కదిలిస్తూ అన్నాడు. నా ముఖం కూడా చూడలేదు. అందుకే ఆ మాట నాకు దోసెతో సహా గుర్తుంది.

చిత్తూరులో నాది పెండ్లి పత్రికలు, కర్మ పత్రికలు టైపు చేసి అచ్చుకు పంపే చిన్న అంగడి. నా కంప్యూటర్లో పాత విండోస్ ఉండేది. నా వేళ్లకు అలవాటైన తెలుగు టైపింగ్ అందులో తప్ప పనిచేయదు. అందులో కొట్టిన ఫైలును కొత్తదాంట్లో తెరిస్తే తెలుగు కనిపించదు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అయితే తిరుపతిలో మాకు అచ్చు వేసే ప్రెస్సువాళ్లు కొత్త మిషన్ పెట్టి, కొత్త పద్ధతిలో పంపితేనే తీసుకుంటామన్నారు. అంటే నాకు రెండూ కావాలి. ఒకే కంప్యూటర్లో రెండూ ఉండొచ్చని చెప్పింది మా మరిదే. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం.

"ఆన్ సెయ్యంగానే నల్ల తెర మీద రెండు పేర్లు వస్తాయి వదినా. పాతదా, కొత్తదా అని అడగతాది. ముప్పై సెకన్లు కాసుకోనుంటాది. నువ్వు ఏది నొక్కితే అది," అని ఒక పాత పత్రిక వెనక బొమ్మ గీసి మరీ చూపించాడు.

"పాతది పోకూడదప్పా. ఊళ్లో సగం ఇండ్ల పేర్లు అందులోనే ఉండాయి," అని రెండుసార్లు చెప్పాను.

పేర్లంటే ఉత్త పేర్లు కావు. పెండ్లి పత్రికలో ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక, పోయిన పెండ్లిలో మాట పట్టింపు వచ్చిన అన్నదమ్ములకు మధ్య ఎన్ని పేర్లు ఉండాలి, కొత్తగా ఎవరి పేరు ముందు కీర్తిశేషులు చేర్చాలి, అన్నీ ఆ ఫైళ్లలో ఉంటాయి. ఇంటివాళ్లు వచ్చి "పోయినసారి మాదిరే ఎయ్యి" అంటారు, కూర్చుంటారు, అంతే. పత్రికలో తప్పు అంటే ఏమిటో నాకు తెలుసు. నా పెండ్లి పత్రికలో అత్తగారివాళ్లు మా నాయన పేరు ఇంటిపేరు లేకుండా వేయించారు. ఇరవై రెండేళ్లయింది. ఐరాలలో పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆ పత్రిక తీసి చూసి మళ్లీ లోపల పెడతాను.

ఆ ఆదివారం ఆయన కొత్తది ఎక్కించి పోయాక కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా కొత్తదే వచ్చేది. ఏమీ అడిగేది కాదు.

పది రోజులకు బజారువీధి నుంచి ఒక వ్యాపారుల కుటుంబం పెండ్లి పత్రిక కోసం వచ్చింది. ఆ ఇంట్లో అంతకుముందు మూడు పెండ్లిండ్లకూ పత్రికలు నావే. ఫైలు తెరిస్తే టోపీల అక్షరాలు. సిగ్గు చంపుకొని, మూడో పెండ్లి పత్రిక ఒకటి వాళ్ల ఇంటినుంచే తెప్పించుకొని, రాని కొత్త టైపింగ్‌తో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పెద్దల పేర్లు అందులో ఉన్నట్టే దించాను. ఆ ఇంటి కొడుకు ఫోనులో చూసి, బేరాల మధ్య "సరిపోయిందక్కా" అన్నాడు. అచ్చయింది.

మర్నాడు ఆ ఇంటి పెద్దావిడ వచ్చింది. సంచిలోంచి పత్రిక తీసి నా కీబోర్డు మీద పెట్టింది. ఆహ్వానించువారు అన్నచోట మొదటి పేరు ఆమె భర్తది. ఆయన పోయి పదకొండు నెలలు.

"ఏమ్మా, మా ఆయన యాడనుంచి పిలస్తా ఉండాడు? నువ్వే సెప్పు, పోయి తోడుకోనొస్తా."

"కంప్యూటర్లో పాతది పోయింది పెద్దమ్మా..."

"ఆయన కర్మ పత్రిక కొట్టింది ఎవురు?"

నేనే.

"మా ఇంటి పేరు ఇంక ఈ అంగట్లో ఎయ్యొద్దు," అని వెళ్లిపోయింది. ఆమె మాట బజారువీధి మాట. ఆ వీధి నాకు పని ఇవ్వకపోతే నా అంగడి లేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు వరసగా మూడుసార్లు పోయింది. ప్రతిసారీ కంప్యూటర్ సగం లేచి ఆగిపోయింది. నాలుగోసారి నీలం తెర వచ్చింది. ఇంగ్లీషులో నాలుగైదు గళ్లు. అందులో ఒకటి, ఇంకొక ఆపరేటింగ్ సిస్టమ్ వాడండి అని. నొక్కాను. ఐరాల మామిడితోట ఫొటో వచ్చింది. అది నా పాత తెర.

పోయిందన్నది పోలేదు. నా ఫైళ్లన్నీ తెలుగులో ఉన్నాయి. ఆ ఇంటి ఫైలు తెరిచాను. పెద్దాయన పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది. కర్మ పత్రిక కొట్టిన రోజే, మరిచిపోకుండా నేనే చేర్చాను.

మరిదికి ఫోన్ చేశాను.

"దొరికిందా వదినా!" అని నవ్వాడు. "పాతది ఆడనే ఉండాది. కాసుకునే సెకన్లు నేనే సున్నా పెట్టినా, అంతే. సున్నా పెడితే అడగదు."

"నన్ను అడగొద్దని నీకెవురు సెప్పినారప్పా?"

"నువ్వు పాతదాన్ని ఇడిసిపెట్టవు. పోయిందంటేనే కొత్తది నేర్సుకుంటావని..."

"నేర్సుకున్నా. సచ్చిపోయినాయన సేత పెండ్లికి పిలిపించడం నేర్సుకున్నా."

పక్కనుంచి మా ఆయన, "పోనీలేమే, ఫైళ్లు ఉండాయి గదా," అన్నాడు. అది కూడా నాకు గుర్తుంటుంది.

ఆదివారం మరిదిని రప్పించాను. కీర్తిశేషులు అని చిన్న చీటీలు అచ్చు వేసుకొని, ఆయన్ను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లాను. పత్రికలు ఇంకా పంచలేదు.

"కంప్యూటర్లో సమస్య వచ్చింది పెద్దమ్మా," అన్నాడు మరిది.

"సమస్య కాదు. ఈయన," అన్నాను.

తలవంచుకొని మొత్తం చెప్పాడు. పెద్దావిడ విన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈయప్ప కంప్యూటర్లో దాపెట్టినాడు, సరే. కర్మ నాడు మా ఇంట్లో ఆకు ముందర కూసోని తిన్నావే. అది గూడా ఈయప్పే దాపెట్టినాడా?"

ఆమె అన్నది నిజమని నాకు కోపం. మరిది ముందర అన్నదని ఇంకా కోపం.

పత్రికల కట్ట తెచ్చి మా మధ్య పడేసింది. "ఈడనే కూసోని అతికించండి. ఒక్కటి వంకరగా పోయిందో, సూడు."

సాయంత్రం దాకా అతికించాం. మరిది అతికించినవాటిలో ఏడు వంకరగా ఉంటే పీకించి మళ్లీ అతికించాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది, కాఫీ ఇవ్వలేదు.

బస్సు ఎక్కే ముందు మరిది నా కంప్యూటర్లో సున్నా తీసి ముప్పై పెట్టాడు. నేను మౌస్ లాక్కొని తొమ్మిది వందల తొంభై తొమ్మిది కొట్టాను. అంతకుమించి అది తీసుకోదు.

"అంతసేపు ఎవురు కాసుకుంటారు వదినా?"

"అది కాసుకుంటాది."

ఇప్పుడు రోజూ పొద్దున నల్ల తెర వస్తుంది, పాతదా, కొత్తదా అని అడుగుతుంది. కొన్ని రోజులు వెంటనే చెప్పను. కాఫీ కలుపుకొని వచ్చి చెబుతాను.

ఆ ఇంట్లో చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారట. వాళ్ల ఫైలులో పేర్లన్నీ సరిచేసి పెట్టాను. వాళ్లు వేరే అంగడికి పోతే, ఆ మాట ఫోన్ చేసి మరిదికే చెబుతాను.